కుడి పక్క కుర్చీ

మా తమ్ముడు కోర్డెల్‌కి ఎడమ చెవి వినపడదు. నాలుగో ఏట వచ్చిన జ్వరం వాణ్ణి వదిలి పోతూ ఆ చెవిని పట్టుకుపోయింది. మామ్మకి, నాకు, వాడికి తప్ప ఆ సంగతి ఊళ్ళో ఎవరికీ తెలియదు. తెలియకుండా మసలడం వాడు చిన్నప్పుడే నేర్చుకున్నాడు. బళ్ళో ఎడమ గోడని ఆనుకుని కూర్చునేవాడు. రోడ్డు మీద మాకు ఎడమ పక్కన నడిచేవాడు. మా కార్లలో డ్రైవరు ఎడమ పక్కన ఉంటాడు, అందుకని ముందు సీట్లో ఎప్పుడూ కూర్చోడు, డ్రైవరు వెనకాల కిటికీ పక్కే వాడి చోటు.

మామ్మ తిట్టేటప్పుడు మాత్రం ఆ చెవి వాడికి భలే పనికొచ్చేది. మెల్లగా ఎడమ చెంప ఆమె వైపు తిప్పేవాడు. తిట్టి తిట్టి ఆమె ఊపిరి తీసుకోవడానికి ఆగినప్పుడల్లా "అలాగే మామ్మా" అనేవాడు. పది "అలాగే"లు అయ్యాక ఆమెకి అనుమానం వచ్చేది.

"ఇప్పుడు నేనేమన్నాను రా?"

"అలాగే మామ్మా."

అప్పుడు చెప్పు వెతుక్కునేది. నేను నవ్వు ఆపుకోలేక వంటింట్లోకి పోయేదాన్ని.

పదిహేడేళ్ళు వచ్చేసరికి వాడు ఆరడుగుల నాలుగంగుళాలు. మా డెల్టాలో అంత పొడుగూ, అంత వేగమూ ఉన్న కుర్రాడి ఇంటికి నవంబరు వచ్చేసరికి కాలేజీ ఫుట్‌బాల్ కోచ్‌లు వస్తారు, చదువూ బసా ఇస్తాం మా జట్టుకి రమ్మని. మా ఫుట్‌బాల్ అంటే బంతిని చేత పట్టుకుని పరుగెత్తే ఆట. మా ఇంటికి ముగ్గురు వచ్చారు. మొదటి ఇద్దరూ సోఫాలో కూలబడ్డారు. మా సోఫా కోర్డెల్ కుర్చీకి ఎడమ పక్క ఉంటుంది. వాళ్ళు మాట్లాడుతుంటే వీడు పెదాలు చూసి అర్థం చేసుకుని, ఒక్క క్షణం ఆలస్యంగా జవాబు చెప్పేవాడు. వాళ్ళలో ఒకాయన వెళ్తూ వెళ్తూ మా హైస్కూల్ కోచ్ పీట్రీతో, "ఒళ్ళు బానే ఉంది, బుర్రే మందం" అన్నాడట. పీట్రీ ఆ మాట దాచుకోకుండా మోసుకొచ్చి మామ్మకి చెప్పాడు. ఆ కాలేజీ పేరు మా ఇంట్లో మళ్ళీ వినబడలేదు.

మూడోవాడు కోచ్ రైనీ. పక్క రాష్ట్రం యూనివర్సిటీలో హెడ్ కోచ్ కింద పనిచేసేవాడు. ఎదుటి జట్టులో బంతి విసిరేవాడి మీదికి ఉరికే కుర్రాళ్ళని తయారుచెయ్యడం ఆయన పని. నలభై ఏళ్ళుంటాయి. ఆయనా సోఫాలోనే కూర్చున్నాడు. ఐదు నిమిషాలు మాట్లాడాడు. ఉన్నట్టుండి ఆగి, కోర్డెల్ మొహం చూశాడు. లేచి వెళ్ళి భోజనాల బల్ల దగ్గర కుర్చీ తెచ్చి, వాడికి కుడి పక్క వేసుకుని కూర్చున్నాడు.

"ఇప్పుడు బాగుందా, బాబూ?" అన్నాడు, చాలా చిన్న గొంతుతో.

కోర్డెల్ నా వైపు చూశాడు, నేనే చెప్పేశానేమో అన్నట్టు. నేను తల అడ్డంగా ఊపాను. మామ్మ వంటింటి గుమ్మంలో అట్లకాడతో అలాగే నిలబడిపోయింది.

"మా నాన్న రంపం మిల్లులో చేసేవాడు" అన్నాడు రైనీ. "ముప్పై ఏళ్ళు. ఆయనతో మాట్లాడాలంటే ఏ పక్కకి పోవాలో నడక రాకముందే నాకు తెలుసు."

ఆ పూట భోజనానికి ఉండిపోయాడు. వేయించిన చేప, బెండకాయ వేపుడు, మొక్కజొన్న రొట్టె. రొట్టె ముక్కలు నాలుగు తీసి బల్ల మీద వరసగా పెట్టాడు.

"తినేవాటితో ఆటలేమిటి నాయనా?" అంది మామ్మ.

"ఆట కాదు మిస్ ఓసీ, ఇదే నా ఉద్యోగం. ఇదిగో బాబూ, ఇది మన లైను. నువ్వు ఈ ఎడమ చివర. నీ ఎడమ పక్కన గడ్డి తప్ప ఇంకేమీ ఉండదు. నీకు కేకేసి చెప్పేవాళ్ళంతా కుడి పక్కనే. నేనక్కడ ఉన్నన్నాళ్ళూ నిన్ను ఈ చోటు నుంచి కదిలించేవాడు లేడు. డాక్టర్లకి ఎప్పుడు చెప్పాలో, ఎలా చెప్పాలో నేను చూసుకుంటాను. అందాకా ఈ సంగతి మన నలుగురి మధ్యే ఉంటుంది."

అని ఎడమ చివరి ముక్క నోట్లో వేసుకున్నాడు.

"మా వాణ్ణి మింగేశావే!" అంది మామ్మ.

కోర్డెల్ పగలబడి నవ్వాడు. బయటివాళ్ళ ముందు వాడు నోరు తెరిచి నవ్వడం నేనెప్పుడూ చూడలేదు. తరువాత రెండు నెలల్లో ఇంకో కాలేజీ ఫోను చేస్తే వాడు "వద్దు సార్, నాకు చోటు దొరికింది" అని పెట్టేశాడు.

మామ్మకి మాత్రం అది చాలలేదు. మా చర్చి సంఘంలో ఒక పద్ధతి ఉంది. పిల్లలు చదువుకో పనికో ఊరు వదిలి వెళ్తుంటే, ఆ ఊళ్ళో ఉన్న సంఘానికి కాపుదల ఉత్తరం రాసి పంపుతాం. వీడు మా బిడ్డే, మీ దగ్గర ఉన్నన్నాళ్ళు కనిపెట్టుకుని ఉండండి అని. వాళ్ళు ఆదివారం అందరి ముందూ ఆ పిల్లవాడికి కుడిచెయ్యి ఇచ్చి తీసుకుంటారు. పని అయ్యాక ఉత్తరం తిరిగి వస్తుంది. రాత బాగుంటుందని పద్దెనిమిదో ఏటినుంచీ ఆ ఉత్తరాలు నా చేతే రాయిస్తున్నారు. వారమంతా చేపల ఫ్యాక్టరీలో కత్తి పట్టిన చెయ్యి ఆదివారం కలం పట్టేది.

కోర్డెల్ ఉత్తరం కోచ్ రైనీ పేరున రాయమంది మామ్మ.

"సిస్టర్ ఓసీ, కాపుదల సంఘానికి సంఘం ఇచ్చేది" అన్నాడు పాస్టరు లెడ్‌బెటర్. "మనిషి పేరున రాయం."

"ఆ సంఘానికి వీడి ఏ చెవి వినపడుతుందో తెలుసా?" అంది మామ్మ. వెంటనే నాలుక కరుచుకుంది. పాస్టరుకి అర్థం కాలేదు, మంచిదైంది. ఆమెకి ఎనభై నిండాయి, సంఘంలో అందరికంటే పెద్ద. ఆమె మాటకి అడ్డం చెప్పడం ఆయనకి ఎప్పుడూ చేతకాలేదు.

జనవరి మూడో ఆదివారం కోచ్ రైనీ ఆరు గంటలు కారు నడుపుకుంటూ వచ్చాడు. బూడిదరంగు సూటు వేసుకున్నాడు. నేను ఉత్తరం చదివాను. "మా బిడ్డ కోర్డెల్ టాలివర్‌ని మీ కాపుదలలో పెడుతున్నాం. మాట తక్కువవాడు. కుడి పక్కన కూర్చుని పలకరించగలరు." ఆయన ముందుకొచ్చి సంఘం ఎదుట కోర్డెల్‌కి కుడిచెయ్యి ఇచ్చాడు. ఆమెన్‌లతో గోడలు అదిరాయి. ఉత్తరం మడిచి కోటు లోపలి జేబులో పెట్టుకున్నాడు. పెట్టుకునేటప్పుడు ఆయన కళ్ళు తడిగా ఉన్నాయి. చాలాకాలం ఆ తడి గురించే ఆలోచించాను.

కుర్రాళ్ళు తాము ఎంచుకున్న కాలేజీకి ఒప్పందం రాసిచ్చే సంతకాల రోజు ఫిబ్రవరి మొదటి బుధవారం. దేశమంతా ఆ రోజే. పొద్దున్న ఆరుకే ఆయన ఫోను చేశాడు.

"మిస్ ఓసీ, ఏడు కొట్టగానే ఫ్యాక్స్ పెట్టించండమ్మా. ఆలస్యం వద్దు."

"పెళ్ళికొడుక్కి కూడా ఇంత తొందర ఉండదు నాయనా" అని నవ్వింది మామ్మ.

స్కూలు లైబ్రరీలో బల్ల మీద గుడ్డ పరిచారు. మామ్మ ఈస్టరుకి పెట్టుకునే ఊదారంగు టోపీ ఫిబ్రవరిలోనే తీసింది. ప్రిన్సిపాలు, పీట్రీ, పత్రిక ఫొటో అతను, సంఘం నుంచి పదిమంది. సంతకానికి ముందు కాగితం నా చేతికిచ్చింది మామ్మ. ఇంట్లో ఏ కాగితమైనా ముందు నేను చదవాలి. చదివాను. కింద చిన్న అక్షరాల్లో ఒక వాక్యం ఉంది. నేను సంతకం చేస్తున్నది విద్యాసంస్థతో, ఏ కోచ్‌తోనూ కాదని నాకు తెలుసు, అని.

నా వేలు అక్కడ ఆగింది.

"ఏమిటే ఇవెట్? తప్పేమైనా ఉందా?" అంది మామ్మ.

ఫొటో అతను కెమెరా ఎత్తి పట్టుకుని ఉన్నాడు. కోర్డెల్ ఆ కాలేజీ టోపీ పెట్టుకుని కూర్చున్నాడు, చెవుల దాకా నవ్వుతూ.

"ఏమీ లేదు మామ్మా" అన్నాను.

వాడు సంతకం పెట్టాడు. కింద సంరక్షకురాలిగా మామ్మ పెట్టింది, ఒక్కో అక్షరం కూడబలుక్కుని. ఏడూ ఐదుకి ఫ్యాక్స్ వెళ్ళింది.

శుక్రవారం మధ్యాహ్నం ఫ్యాక్టరీలో భోజనానికి కూర్చున్నాం. రేడియోలో ఆటల వార్తలు వస్తున్నాయి. నా పక్కన చేపలు కోసే బెర్నిస్ చెంచా పట్టుకుని ఆగిపోయింది.

"ఏయ్, రైనీ అంటే మీ ఆయన కాదూ?"

మీ ఆయన కాదు, మీ కోచ్ అని నలుగురూ నవ్వారు. నేను నవ్వలేదు. కోచ్ రైనీ పశ్చిమాన ఇంకో పెద్ద యూనివర్సిటీకి వెళ్తున్నాడని, సోమవారమే చేరుతున్నాడని రేడియో చెప్పి, వాతావరణ వార్తల్లోకి వెళ్ళిపోయింది. నేను భోజనం డబ్బా మూసి లేచాను.

నేను ఇంటికి వచ్చేసరికి పీట్రీ వాకిట్లో ఉన్నాడు, టోపీ చేతిలో పట్టుకుని. మామ్మ ఆయన్ని లోపలికి రమ్మనలేదు.

"ఏటా ఇంతే మిస్ ఓసీ. సంతకాలు అయ్యేదాకా ఆగుతారు. ఆ తరువాత ఎవరి దారి వాళ్ళది."

"ఏటా ఇంతేనా?"

"ఎక్కడో ఒకచోట ఇంతే."

"నీకు తెలుసు. తెలిసి నాకు చెప్పలేదు."

"చెప్తే మీరు సంతకం పెట్టేవారా?"

"పెట్టేదాన్ని కాదు."

"మరి వాడు ఎక్కడికి పోయేవాడు? చేపల ఫ్యాక్టరీకా?" అన్నాడు. నన్ను చూసి, "క్షమించమ్మా" అన్నాడు.

"ఇప్పుడు మానేయొచ్చా?" అని అడిగాను.

"మానేస్తే ఏడాది ఆడనివ్వరు. తక్కిన కాలేజీల్లో చోట్లన్నీ నిండిపోయాయి. వాళ్ళకి కావలసింది వాళ్ళకి దొరికింది. మన పిల్లవాడికీ చదువు, తిండి, బస ఉన్నాయిగా. కోచ్ పోతే ఏమైంది, ఇంకో కోచ్ వస్తాడు."

ఆయనకి చెవి సంగతి తెలియదు. ఆయన చెప్పింది ఆయనకి తెలిసినంతలో నిజమే.

శనివారం పొద్దున్న ఫోను మోగింది. వంటింటి గోడకి ఉండే ఫోను మాది. మామ్మ తీసి, "ఎవరూ?" అని, అవతల రైనీ అని తెలియగానే కోర్డెల్‌కి అందించింది. వాడు రెండు చేతులతో అందుకున్నాడు. కాసేపు దాన్ని చూశాడు. తరువాత ఎడమ చెవికి పెట్టుకున్నాడు.

నేను చేతిలో పళ్ళెం పట్టుకుని నిలబడిపోయాను.

అవతలి గొంతు సన్నగా వినబడుతోంది, మాటలు తెలియడం లేదు. గొంతు ఆగినప్పుడల్లా వాడు "అలాగే సార్" అన్నాడు. గొంతు మళ్ళీ మొదలయ్యేది. ఒకసారి చాలాసేపు ఆగింది. ఏడుస్తున్నాడో, ఏదైనా అడుగుతున్నాడో. "అలాగే సార్" అన్నాడు కోర్డెల్. నాలుగు నిమిషాలైంది. ఫోను గోడకి తగిలించి వాడు బయటికి వెళ్ళి మెట్ల మీద కూర్చున్నాడు.

"ఏమన్నాడే?" అంది మామ్మ. ఆమె పొయ్యి వైపు తిరిగి ఉంది, ఏ చెవో చూడలేదు.

"చెప్పలేదు మామ్మా."

ఆయన ఏం చెప్పాడో ఈ రోజుకీ మాలో ఎవరికీ తెలియదు. క్షమాపణ అడిగాడో, అక్కడ ఫలానా మనిషికి నీ సంగతి చెప్పాను వెళ్ళి కలువు అన్నాడో. తిరిగి చేద్దామంటే మా దగ్గర ఉన్నది ఆయన పాత ఆఫీసు నంబరే.

ఆ తరువాతి ఆదివారం మామ్మ సంఘంలో లేచి నిలబడింది. "పాస్టరు గారు చెప్పారు, నేను వినలేదు. బిడ్డని మనిషి చేతిలో పెట్టాను. తప్పు నాది" అని కూర్చుంది. ఎవరూ ఆమెన్ అనలేదు. పాస్టరు దగ్గరికొచ్చి, ఆ ఊళ్ళో సంఘాలు లేకపోలేదు, ఇంకో ఉత్తరం రాద్దాం అన్నాడు.

"మొదటిది తిరిగి రావాలిగా" అంది మామ్మ. "ఒక బిడ్డని రెండు చోట్ల ఎలా పెడతాం? పద్ధతి పద్ధతే."

ఒక పద్ధతి తప్పినందుకు ఇంకో పద్ధతి గట్టిగా పట్టుకుంది. ఎంత చెప్పినా వినలేదు. ఆయన కొత్త యూనివర్సిటీ చిరునామాకి నేను మూడుసార్లు రాశాను, మా ఉత్తరం మాకు పంపించండి అని. మార్చిలో ఒకసారి, మేలో ఒకసారి, జులైలో ఒకసారి. జవాబు రాలేదు. సంఘం పుస్తకంలో కాపుదలకి వెళ్ళిన పిల్లల పేర్లకి ఎదురుగా సంఘాల పేర్లు ఉంటాయి. కోర్డెల్ పేరుకి ఎదురుగా ఒక మనిషి పేరు ఉంది, నా చేతిరాతలోనే.

ఆగస్టులో కోర్డెల్‌ని తన కారులో యూనివర్సిటీలో దింపడానికి పీట్రీ వచ్చాడు. మామ్మ మెట్లు దిగి వాడి కుడి పక్కకి వెళ్ళింది.

"అక్కడ ఎవరికైనా ఒక్కరికి చెప్పు రా, నాయనా."

"చెప్తే ఆడనివ్వకుండా కూర్చోబెట్టేస్తారు మామ్మా. కొత్తాయనకి నేనెవరో కూడా తెలియదు. ఒకసారి ఫోను చేసి నా బరువు అడిగాడు, అంతే. ముందు ఆడతాను, ఆడి చూపించాక చెప్తాను." నా వైపు తిరిగాడు. "అక్కా, నువ్వూ చెప్పకూడదు. ఒట్టు వెయ్యి."

వేశాను. లైబ్రరీలో నోరు తెరవాల్సినప్పుడు తెరవలేదు, ఇప్పుడు తెరవనని మాట ఇచ్చాను. వాడు డ్రైవరు వెనకాల కిటికీ పక్కన కూర్చున్నాడు.

సెప్టెంబరు మొదటి శనివారం వాళ్ళ ఆట టీవీలో వచ్చింది. సంఘం హాల్లో బల్ల మీద టీవీ పెట్టి అందరం కూర్చున్నాం. వేయించిన కోడి, తియ్యటి టీ. మొదటి ఏడాది పిల్లలని ఆడించరేమో అనుకున్నాం. కానీ పెద్ద కుర్రాడొకడికి చీలమండ మడత పడింది. తొంభై ఒకటో నంబరు మైదానంలోకి పరుగెత్తింది. హాలంతా లేచి నిలబడింది.

"కోర్డెలే! మన కోర్డెలే!"

"ఆ ఎత్తు చూడండర్రా, గుమ్మంలో పట్టడు!"

మామ్మ మాత్రం లేవలేదు. నా చెయ్యి పట్టుకుంది. "ఎటు నిలబడ్డాడే?"

చూశాను. వాడు లైను చివరే ఉన్నాడు. వాడి కుడి పక్కన గడ్డి, తెల్ల గీత. మనుషులంతా ఎడమ పక్కన.

"చివరే మామ్మా" అన్నాను.

"ఏ చివర?"

నేను టీవీ మీంచి కళ్ళు తిప్పలేదు. ఆమె నా చెయ్యి వదిలేసింది.

వాడి పక్కనున్న కుర్రాడు ఏదో అరిచాడు, చెయ్యి ఊపాడు. లైనంతా రెండడుగులు పక్కకి జరిగింది. కోర్డెల్ బంతి మీదే కళ్ళు పెట్టి ఉన్నచోటే ఉన్నాడు. మధ్యలో గుమ్మం తెరిచినట్టు ఖాళీ పడింది. ఎదుటి జట్టువాడు బంతి పొట్టకి అదుముకుని అందులోంచి చివరిదాకా పరుగెత్తిపోయాడు. ఆ వెంటనే ఇంకో రెండుసార్లు అదే జరిగింది. వాణ్ణి బయటికి పిలిచేశారు.

టీవీ వాణ్ణి దగ్గరగా చూపించింది. కొత్త కోచ్ వాడి హెల్మెట్ ఎడమ పక్కకి నోరు ఆనించి అరుస్తున్నాడు. మెడ నరాలు తేలి ఉన్నాయి. ఆయన ఊపిరి తీసుకోవడానికి ఆగినప్పుడల్లా కోర్డెల్ తల ఊపుతున్నాడు.

"పర్వాలేదు, మొదటి ఆటేగా" అన్నాడు ఎవరో. మామ్మ లేచి గిన్నెల మీద మూతలు పెట్టడం మొదలుపెట్టింది.

మర్నాడు ఆరాధన అయి ఇంటికి వచ్చేసరికి ఫోను మోగుతోంది. మామ్మే తీసింది.

"బాగా ఆడావు నాయనా. అందరూ చూశారు. అన్నం తింటున్నావా? ఆ చెవి సంగతి చెప్పెయ్ రా, నా మాట విను. కుడి పక్క కుర్చీ వేసుకునేవాళ్ళు అక్కడా ఎవరో ఒకరు ఉండకపోరు. ఏమంటావు?" విని, మొహం వెలిగిపోయి నా వైపు తిరిగింది. "అలాగే అంటున్నాడే! చెప్తాడట!"

ఇంకా చాలా చెప్పింది. పాస్టరు గారి కాలు నొప్పి, పీట్రీ కొత్త కారు, పెరట్లో బెండకాయలు. ఆమె ఆగినప్పుడల్లా అవతల ఒక చిన్న మాట. ప్రతిసారీ అంతే చిన్నది. నేను గోడకి ఆనుకుని ఆ మాటల మధ్య దూరం లెక్కపెడుతూ నిలబడ్డాను.

ఆమె ఫోను నాకిచ్చి టోపీ తియ్యడానికి గదిలోకి వెళ్ళింది. తలుపు మూసుకునేదాకా ఆగాను.

"కోర్డెల్" అన్నాను. "ఫోను ఏ చెవికి పెట్టుకున్నావు రా?"

"అలాగే అక్కా" అన్నాడు.